దంపుడుపాటలో మాత్రాలోపము: కంప్యూటరు ధ్వనిముద్రణమున లేఖకప్రమాదములు

ప్రాచీన కావ్యమును పరిష్కరించువాడు పద్యమున గణభంగము కనిపించినంతనే కవిని నిందింపడు. వ్రాయసకాని చేతివ్రాతను, ఆకు చివర పురుగు తిన్న చోటును, ప్రతికిని మాతృకకును గల సంబంధమును ముందు పరిశీలించును. ఈ జాగరూకత మన తెలుగు శాఖలలో తరతరములుగా పాటింపబడుచున్నది. కాని జానపద గేయములను ధ్వనిముద్రణ మూలమున సేకరించునపుడు మనము దీనిని మఱచుచున్నాము. యంత్రము విన్నది విన్నట్లు వ్రాయుననియు, దానికి పరాకు లేదనియు మన నమ్మకము. ఈ నమ్మకము ఎంతటి పొరపాటునకు దారితీయగలదో మా యనుభవమునుండి ఒక యుదాహరణముచే చూపి, లినక్సు వ్యవస్థపై నడచు కంప్యూటరులతో ధ్వనిముద్రణము చేయు పరిశోధకులు అట్టి లోపములను కనిపెట్టుటకును నివారించుటకును అనుసరింపదగిన మార్గమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

2023 వేసవిలో మా పర్యవేక్షణమున పరిశోధనము చేయుచున్న విద్యార్థి యొకడు శ్రీకాకుళము జిల్లాలోని ఒక పల్లెలో ఎనుబదియేండ్లు దాటిన వృద్ధురాలి నోట పదునొకండు దంపుడుపాటలను సేకరించెను. బియ్యపు మిల్లు వచ్చినపిదప ఆ యూర వడ్లు దంచువారు లేరు. అయినను రోకలి చేత లేనిదే పాట నోటికి రాదని ఆమె చెప్పుటచే, పొరుగింటివారి యటుకమీదినుండి రోకలిని దింపించి, రోట గుప్పెడు వడ్లు పోసి, ఆమె దంచుచు పాడుచుండగా ముద్రించిరి. ఆ రోకలియే పిదప మమ్ము గట్టెక్కించినది.

ఆ పాటలలో ఒకటి నాలుగు మాత్రల నడకలో సాగునది. దాని నాలుగవ చరణమునను ఏడవ చరణమునను మూడవ పాదమున ఒక్కొక్క మాత్ర కొఱవడినది. విద్యార్థి దీనిని ఆధారము చేసికొని, ఆ ప్రాంతపు స్త్రీల పాటలలో చతుర్మాత్రాగణము త్రిమాత్రాగణముగా మాఱు సంప్రదాయ మొకటి కలదని ప్రతిపాదించి, దానిపై ఒక యధ్యాయమే వ్రాసెను. వాదము పొందికగా నుండెను. చెప్పుటకు సిగ్గుగా నున్నను, మేమును మొదట దాని నంగీకరించితిమి.

సందేహము కలిగించినది రోకలిపోటు. పాట పొడుగునను పోటుకును పోటుకును నడుమ ఇంచుమించు 1.2 సెకనుల యెడము కలదు. అనగా మాత్రకు 0.3 సెకను. మాత్ర కొఱవడిన రెండు చోటులను ఈ యెడము 0.9 సెకనునకు తగ్గినది. గాయని పాదమును కుదించి పాడుట వింత కాదు. కాని చేత నున్న బరువైన రోకలి, సరిగా ఆ యొక్క పోటునకు మాత్రమే త్వరపడి, మఱుసటి పోటునకు ఏమియు జరుగనట్లు పూర్వపు నడకకు వచ్చుట యెట్లు? ధ్వని తరంగమును పెద్దదిగా చేసి తెరపై చూచినపుడు సంగతి తేటపడినది. ఆ చోట అచ్చు ధ్వని సన్నగిల్లి ముగియలేదు. తరంగము నడిమిలో నిట్టనిలువుగా తెగి, వేఱొక తరంగముతో అతుకబడియున్నది. మనుష్య కంఠము అట్టి ధ్వనిని పుట్టింపజాలదు. గాయని మాత్రను మ్రింగలేదు, యంత్రము మ్రింగినది.

అది ఎట్లు మ్రింగెనో తెలియవలెనన్నచో ధ్వని నోటినుండి ఫైలు వఱకు నడచు త్రోవ తెలియవలెను. మైక్రోఫోను పుట్టించు సన్నని విద్యుత్తు మొదట ఆడియో ఇంటర్‌ఫేసు అను చిన్న పెట్టెలో ప్రవేశించును. ఆ పెట్టె దానిని పెద్దదిగా చేసి, సెకనునకు సాధారణముగా 44,100 మాఱులుగాని 48,000 మాఱులుగాని కొలిచి, ఆ కొలతలను అంకెలుగా యూఎస్‌బీ తీగ గుండా కంప్యూటరునకు పంపును. అచ్చట కెర్నెలులోని డ్రైవరు వానిని అందుకొని బఫరు అను తొట్టిలో పోయును. ముద్రించు ప్రోగ్రాము ఆ తొట్టినుండి అంకెలను తోడి డిస్కుపై వ్రాయును. తోడువాడు ఆలస్యము చేసినను కొళాయి ఆగదు. తొట్టి నిండినపిదప వచ్చిన ధ్వని వృథాయగును. దీనినే ఆంగ్లమున ఓవర్‌రన్ అందురు. దీనికి మేము ధ్వనిపాతము అను పేరు పెట్టుకొంటిమి. తాళపత్రములయందలి గ్రంథపాతమునకు ఇది సోదరము గనుక. యూఎస్‌బీ మార్గమున ధ్వని పోవు పద్ధతిలో, త్రోవలో జాఱిపోయినదానిని మరల పంపు ఏర్పాటు సయితము లేదు.

మా యుదాహరణమున తప్పు జరిగిన తీరు ఇది. విద్యార్థి లాప్‌టాపు పాతది. దాని డిస్కున చోటు లేదు. కావున ముద్రణమును బయటి డిస్కుపై వ్రాయించెను. ఆ డిస్కును, ఇంటర్‌ఫేసును ఒకే చవుక హబ్బునకు తగిలించెను. డిస్కు నడుమ నడుమ నిద్రపోయి లేచునది. అది లేచి తిరుగనారంభించులోపల వ్రాయవలసిన ప్రోగ్రాము చేతులు ముడుచుకొని కూర్చుండెను, తొట్టి పొంగిపోయెను. ఇందులో విచారకరమైన యంశ మొకటి కలదు. ముద్రణమునకు వాడినది ఆరికార్డ్ అను సుపరిచితమైన చిన్న ప్రోగ్రాము. ధ్వనిపాతము జరిగిన ప్రతిసారియు అది ఇన్ని మిల్లీసెకనులైనను పోయినవని తెరపై వ్రాయును. కాని మా విద్యార్థి తనకు ముందువాడెవడో వ్రాసియుంచిన ఆదేశమాలను వాడెను. ఆ మహానుభావుడు తెర శుభ్రముగా నుండవలెనని హెచ్చరికల నన్నింటిని పాఱవేయు ఏర్పాటు చేసియుండెను. యంత్రము తన తప్పును తానే ఒప్పుకొన్నది. విను నాథుడు లేకపోయెను.

ఈ సందర్భమున లినక్సును తప్పుపట్టుట న్యాయము కాదు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఈ వ్యవస్థయొక్క మూలము అందఱకును తెఱచియున్నది. అందు ధ్వని నడచు ప్రతి మెట్టును మనము స్వయముగా చూడవచ్చును. అయితే మెట్లు పెక్కు. అవి ఒకనాడు కట్టినవియు కావు. యారొస్లావ్ కిసెలా 1998లో ఆరంభించిన ఆల్సా యనునది 2003 డిసెంబరులో వెలువడిన 2.6వ కెర్నెలు నాటికి పాత పద్ధతిని తొలగించి అడుగుమెట్టు అయినది. దానిపై సంగీతకారులకొఱకు పాల్ డేవిస్ రచించిన జాక్, సామాన్య వినియోగమునకు లెన్నార్ట్ పోటెరింగ్ 2004లో మొదలిడిన పల్స్‌ఆడియో వెలసినవి. ఈ రెండింటి పనియు ఒక్కటే చేయుటకు విమ్ టేమన్స్ నిర్మించిన పైప్‌వైర్ 2017లో ప్రకటింపబడి, 2021లో ఫెడోరా 34వ కూర్పున ధ్వనికి ఆధారమై, 2023 నవంబరులో 1.0 సంఖ్యను పొందినది. ఈ చరిత్రను ఇచట చెప్పుటకు కారణము కలదు. ధ్వని ముద్రింపబడుట లేదని వెదకువారికి దొరకు సలహాలలో సగము పల్స్‌ఆడియో నాటివి. పైప్‌వైర్ ఉన్న యంత్రముపై వానిని ప్రయోగించినచో రోగమొకటి మందొకటి యగును. సలహా చెప్పినవాడు ఏ కాలమువాడో మొదట తెలిసికొనవలెను. ఇదియు పాఠపరిష్కర్తకు క్రొత్త విద్య కాదు.

పరీక్ష ఎల్లపుడు అడుగునుండి పైకి సాగవలెను. ఆదేశములు రోమను లిపిలో టైపు చేయవలసినవి. ఇచట ఉచ్చారణమును మాత్రము చూపుచున్నాము. ఎల్ఎస్‌యూఎస్‌బీ అను ఆదేశమునకు ఇంటర్‌ఫేసు పేరు రానిచో లోపము తీగలోనో, హబ్బులోనో, విద్యుత్తులోనో ఉన్నది. పై మెట్లను తాకుట వ్యర్థము. ఛార్జింగునకు మాత్రమే పనికివచ్చు తీగలు కొన్ని చూచుటకు తక్కినవానివలెనే యుండును. అవి మా శాఖలో రెండు దినములను తినివేసినవి. పేరు అచ్చట వచ్చి, ఆరికార్డ్ పక్కన అడ్డగీతయు చిన్న ఎల్ అక్షరమును చేర్చి అడిగినపుడు రానిచో డ్రైవరు దానిని ధ్వని పరికరముగా గుర్తింపలేదని యర్థము. అపుడు కెర్నెలు చెప్పుకొను మాటలను డీమెస్గ్ అను ఆదేశముతో చదువవలెను. యూఎస్‌బీ ధ్వని ప్రమాణములను పాటించు ఇంటర్‌ఫేసులకు లినక్సున వేఱు డ్రైవరు అక్కఱలేదు. క్రొత్తది కొనువారు ఈ యొక్క గుణమును విచారించి కొన్నచో కష్టములలో పెద్దభాగము ముందే తప్పిపోవును.

రెండుచోటులను పేరు కనిపించియు ధ్వని రానపుడు, లేక గుహలోనుండి వచ్చినట్లు వచ్చునపుడు, ఇంచుమించు ఎల్లవేళల కారణమొకటే. ముద్రించునది ఇంటర్‌ఫేసు కాదు, లాప్‌టాపులో పొదిగిన చిన్న మైక్రోఫోను. మైక్రోఫోను జాలీపై గోటితో మెల్లగా గీకి చూడుడు. గీకుడు పెద్దగా వినబడనిచో మీరు వినుచున్నది వేఱొక మైక్రోఫోను. పావుకంట్రోల్ అను ప్రోగ్రామునందలి రికార్డింగు పుటలో, ముద్రణము జరుగుచుండగా మాత్రమే, ఏ ప్రోగ్రాము ఏ పరికరమునుండి వినుచున్నదో కనిపించును, అచ్చటనే మార్చవచ్చును. ఇక పరికరము తీఱికగా లేదను సందేశము వచ్చినచో వేఱొక ప్రోగ్రాము దానిని పట్టుకొనియున్నదని గ్రహింపవలెను. కండెన్సరు మైక్రోఫోను వాడువారు ఇంటర్‌ఫేసుపై 48 వోల్టుల మీటను నొక్కుట మఱవరాదు. ఇవియన్నియు తమంతట తాము బయటపడు లోపములు గనుక వీనిపై ఎక్కువ చెప్పనక్కఱలేదు. ధ్వని రానిచో ఎవడును దానిపై సిద్ధాంతవ్యాసము వ్రాయడు.

స్థాయి విషయమున మాత్రము ఒక్క మాట. చాలమంది గాయని గొంతునుబట్టి ఇంటర్‌ఫేసు మీటను త్రిప్పుదురు. దంపుడుపాటయందు రోకలిపోటును, ఒగ్గుకథయందు డోలును, బుఱ్ఱకథయందు డక్కీని బట్టి త్రిప్పవలెను. పరిమితి మీఱిన తరంగముయొక్క శిఖరము కోతపడును. కోతపడినది మరల రాదు. 24 బిట్ల ముద్రణమున గొంతు కొంత తగ్గియున్నను పిదప పెంచుకొనవచ్చును. పెద్ద దెబ్బలు సున్న డెసిబెల్ పరిమితికి 12 దిగువన నిలుచునట్లు చూచుకొనుట మేలని మా యనుభవము.

ఇక అసలు విషయమైన ధ్వనిపాతమునకు వత్తము. దీని నివారణమున సంగీతకారుల సలహాలు మనకు ప్రతికూలములు. వారికి మీట నొక్కిన వెంటనే ధ్వని చెవిని పడవలెను. అందుచే వారు తొట్టిని వీలైనంత చిన్నదిగా చేయుదురు. సెకనునకు 48,000 నమూనాల లెక్కన 256 నమూనాల తొట్టి యనగా 5 మిల్లీసెకనులకు కొంచెము పైమాట. అంత చిన్న తొట్టితో పనిచేయు కంప్యూటరు ఒక్క రెప్పపాటు వేఱుపనికి పోయినను పాతము తప్పదు. మనకో, గాయని గొంతు మరల కంప్యూటరు గుండా ఆమె చెవికి పోవలసిన పని లేదు. ధ్వని రెండు సెకనులు ఆలస్యముగా డిస్కును చేరినను నష్టమేమి? కావున తొట్టిని పరికరము సమ్మతించినంత పెద్దదిగా చేయవలెను. ఆరికార్డ్ తనంతట తాను అర సెకను వఱకు తీసికొనును. బఫరు కాలమును మైక్రోసెకనులలో తెలిపి దీనిని పెంచవచ్చును. ఇంటర్‌ఫేసును హబ్బునకు కాక నేరుగా లాప్‌టాపునకు తగిలింపవలెను. లోపలి డిస్కుపైననే ముద్రించి, పని ముగిసినపిదప బయటి డిస్కునకు ఎత్తవలెను. విద్యుత్తును పొదుపు చేయు ఏర్పాటులను ముద్రణకాలమున నిలిపివేయవలెను. హెచ్చరికలను ఒక ఫైలులో దాచి, ధ్వనితోపాటు భద్రపఱుపవలెను. ఆడాసిటీ వాడువారికి 2018లో వచ్చిన 2.3.0 కూర్పునుండి పాతము జరిగిన చోట గుర్తు పెట్టు ఏర్పాటు కలదు. పైప్‌వైర్ గుండా ముద్రించువారు పీడబ్ల్యూటాప్ అను ప్రోగ్రామున తప్పుల గడిలోని సంఖ్య పెరుగుచున్నదేమో చూడవలెను.

దీనికంటె నిశ్శబ్దమైన దోష మింకొకటి కలదు: కొలతల వేగము తాఱుమాఱగుట. 44,100 చొప్పున కొలిచిన ధ్వనిని 48,000 అని నమ్మి వినిపించినచో పాట నూటికి 9 వంతుల కొలది వేగము పొందును, శ్రుతి ఒకటిన్నర అర్ధస్వరముల మేర పైకి పోవును. పది నిమిషముల పాట 9 నిమిషముల 11 సెకనులలో ముగియును. వృద్ధురాలి గొంతు కొంత పడుచుగా వినబడును, అంతియే. ఎవరికిని అనుమానము రాదు. కాని అచ్చుల నిడివిని కొలిచి వ్రాసిన పట్టికలన్నియు తప్పులగును. ముద్రణము జరుగుచుండగా ప్రాక్ అను సంచయములోని అసౌండ్ విభాగమున, ఆ పరికరమునకు చెందిన హెచ్‌డబ్ల్యూ పారమ్స్ అను చిన్న ఫైలును తెఱచినచో యంత్రము నిజముగా ఏ వేగమున కొలుచుచున్నదో, తొట్టి యెంత పెద్దదో తేటతెల్లముగా కనిపించును. ప్రోగ్రాము తెరపై చూపు సంఖ్యకును దీనికిని భేద మున్నచో నడుమ పై మెట్టు ఏదియో లెక్కను మార్చుచున్నదని తెలియును. పైప్‌వైర్ సాధారణముగా 48,000 లెక్కను పాటించును. 44,100 అడిగినవానికి మార్చి యిచ్చును. ఈ మార్పు చెవికి హాని చేయునది కాదు. అయినను శాస్త్రకార్యమునకు మొదటినుండి 48,000 అడుగుటయే సులువు.

ఈ రెండు దోషములను ఒకే యుపాయమున పట్టవచ్చును. ఊరికి పోవుటకు ముందు, అచ్చట వాడబోవు యంత్ర సామగ్రినంతను అదే విధముగా అమర్చి, సెకనున కొక్క దెబ్బ చొప్పున టిక్కుమను మెట్రోనోమును చేతి ఫోనులో నడిపి, మైక్రోఫోను నెదుట గంటసేపు ఉంచి ముద్రింపవలెను. ఆ ఫైలున దెబ్బల యెడములన్నియు ఒక్క సెకనుగా నుండవలెను. అన్ని యెడములును 0.919 సెకనుగా నున్నచో వేగము తాఱుమాఱైనది. ఏదో యొక్క యెడము మాత్రమే తగ్గినచో అచ్చట పాతము జరిగినది. గంట యేల, ఐదు నిమిషములు చాలదా యని మా విద్యార్థులు అడిగిరి. మా డిస్కు నిద్రపోవుటకు పది నిమిషములు పట్టెడిది.

చిన్న పాతములను గుఱించి ఉపేక్ష తగదు. 1,024 నమూనాలు పోయిన నష్టము 21 మిల్లీసెకనులు. మాత్రాగణనమున ఇది లెక్కకు రాదు. కాని తెలుగున కల కును కల్ల కును, పలు కును పాలు కును గల భేదము ప్రధానముగా నిడివిలోనిదే గదా. మాండలికములందు ద్విత్వము ఎంతవఱకు సడలినదని కొలుచువానికి హల్లు నడుమ 21 మిల్లీసెకనులు పోయినచో ఫలితము తలక్రిందగును. ఛందస్సునకు పనికివచ్చిన ముద్రణము ధ్వనిశాస్త్రమునకు పనికిరాకపోవచ్చును. కావున ముద్రణమును మఱియొకనికి ఇచ్చునపుడు అది యేయే పరీక్షలకు నిలిచినదో వ్రాసి యిచ్చుట ధర్మము.

మా విద్యార్థి తన యధ్యాయమును ఉపసంహరించుకొనెను. 2024 సంక్రాంతి సెలవులలో సరిదిద్దిన యంత్రముతో మేమును అతనితో కలిసి ఆ యూరికి పోయితిమి. ఆ వృద్ధురాలు రెండు దినములలో ఎనిమిది పాటలను మరల పాడినది. వివాదాస్పదమైన రెండు పాదములలోను నాలుగవ మాత్ర నిండుగా వినబడినది. అచ్చట ఆమె అచ్చును సాగదీసి, రోకలిని ఎత్తి, ఊపిరి తీసికొనును. ముందటి ముద్రణమున పోయినది ఆ సాగుదలయే. మిగిలిన మూడు పాటలను ఉగాదికి వచ్చినపుడు పాడెదనని చెప్పినది. ఉగాదికి ఆమె లేదు.

ఆ మూడు పాటలకు 2023 నాటి ముద్రణమే ఏకైక ప్రతి. అందు ఐదు చోటుల పాతములు కలవు. సిద్ధమగుచున్న సంపుటమున ఆ చోటులను మాటలతో పూరింపక, గ్రంథపాతమునకు వలెనే చుక్కలుంచి, రోకలిపోటుల యెడమునుబట్టి లెక్కించిన నిడివిని అధోజ్ఞాపికలో చూపుచున్నాము. మూడవ పాటయొక్క చివరి చరణమున ఆమె తన పుట్టినయూరి పేరు చెప్పినది. దానిలో మొదటి యక్షరమును, దాని పిదప రోకలిపోటును మాత్రమే వినబడుచున్నవి.